వ్రాలిన చేయి, వంగిన వ్రేళ్లు

బియ్యము చెరుగుట, ముగ్గు వేయుట, బిడ్డకు జడ అల్లుట మొదలగు పనులు చేయునప్పుడు చేతిలోని నరములను గూర్చి మన మెవ్వరమును తలంపము. వానిలో నొకటి చెడిననాడు చేతి రూపమే మారిపోవును. ఆ మార్పును ఇంటి యిల్లాలు వేళకు గుర్తింపగలిగినచో జీవితాంతపు అవిటితనము తప్పవచ్చును. కావున ఈ విషయమును సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

చేతికి ముఖ్యమైన నరములు మూడు. రేడియల్ నరము దండచేతి ఎముకను చుట్టి వచ్చును. ఆ ఎముక విరిగినను, మంచపుపట్టెపై చేయి వ్రేలవైచి మైమరచి నిద్రించినను ఇది నలుగును. అప్పుడు మణికట్టు వ్రాలిపోవును; పిడికిలి కండలు చెడకున్నను పట్టు సడలును. మణికట్టును క్రిందికి వంచి పిడికిలి బిగించి చూచినచో ఇందలి మర్మము మీకే బోధపడును.

మీడియన్ నరము మణికట్టు నడుమ ఇరుకుదారిని పోవును. ఇది చెడిన బొటనవ్రేలు తక్కిన వ్రేళ్లకు ఎదురుగా రాదు. చిటికెడు ముగ్గుపిండి తీయుటయు కష్టమే. గర్భిణులకు రాత్రులందు చేయి తిమ్మిరెక్కుటకు తరచు ఈ నరము నొక్కుకొనుటయే కారణము. ప్రసవానంతరము పెక్కుమందికి అది తగ్గును.

అల్నార్ నరము మోచేతి వెనుక చర్మము క్రిందనే యున్నది. అచ్చట దెబ్బ తగిలిన చిటికెనవ్రేలి వరకు జివ్వుమనుట అందరెరిగినదే. ఇది చెడిన చిటికెన, ఉంగరపు వ్రేళ్లు కొక్కెమువలె వంగిపోవును.

దివిసీమలో కోడూరు మొదలగు గ్రామములకు వరియే జీవనాధారము. కోతలలో మణికట్టున కొడవలి తెగినప్పుడు రక్తము ఆగినంతనే నిశ్చింత పనికిరాదు. గాయపడినవారిని కన్నులు మూసికొమ్మని, చూపుడువ్రేలి కొనను, చిటికెనవ్రేలి కొనను దూదితో తాకి చూడుడు. స్పర్శ తెలియకున్న ఆలసింపక అవనిగడ్డకో బందరుకో వైద్యునికడకు తీసికొనిపోవలెను. తెగిన నరమును కుట్టి కలుపవచ్చును. అది దినమునకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగును గనుక వ్రేలికొనను చేరుటకు నెలలు పట్టును. అంతవరకు రెండవచేతితో కీళ్లను మెల్లగా కదల్చుచుండవలెను. లేనిచో నరము బాగుపడినను వ్రేళ్లు బిగిసిపోవును.

చెట్టుమీదనుండి పడి బిడ్డ మోచేయి విరిగినప్పుడు కట్టు మిక్కిలి బిగుతుగా నుండరాదు. వ్రేళ్లు చల్లబడినను, వాచినను, వానిని చాపబోగా బాధ అధికమైనను వెంటనే కట్టు విప్పించి వైద్యునికి చూపవలెను. గంటల ఆలస్యమే చేతిని శాశ్వతముగా చెరచును.

దెబ్బ లేకయే వ్రేళ్లు వంగుచు, చర్మముపై స్పర్శలేని మచ్చ యున్నచో కుష్ఠువేమో పరీక్ష చేయింపవలెను. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు, బాగుగా నున్న స్నాయువును స్థానము మార్చి కుట్టి, ఇట్టి రోగుల వంగిన వ్రేళ్లను తిన్నచేసెను. వ్రేళ్లు పోవుటకు స్పర్శలేమి వలన తెలియక తగులు గాయములే ముఖ్యకారణమని ఆయన చాటెను. ఈ వ్యాధికి ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితముగా నిత్తురు. తొలిదశలో వాడిన చేయి చెడదు.

స్పర్శ లేని చేతితో పొయ్యిమీది గిన్నెను గుడ్డ లేక పట్టరాదు; రాత్రి పండుకొనబోవునప్పుడు అరచేతిని దీపమువద్ద పరికించి, కాలిన బొబ్బలున్నవేమో చూచుకొనవలెను. తిమ్మిరిని తేలికగా తలచి, సిగ్గుచేతనో పనుల ఒత్తిడిచేతనో దాచుకొనవలదని మా మనవి.