కొండల నడుమ జలాశయము: విహార సౌకర్యముల ఏర్పాటు

ములుగు జిల్లా గోవిందరావుపేట మండలములోని లక్నవరము చెరువు కాకతీయుల కాలము నాటిది. కొండల నడుమనున్న మూడు ఇరుకు లోయలకు అడ్డముగా చిన్న కట్టలు వేయగా, మిగిలిన గట్టు పనిని కొండలే చేశాయి. లోయలు మునిగిపోయి, ఎత్తైన గుట్టలు దీవులుగా మిగిలాయి. కొడకండ్ల వంటి ఊళ్ళ చెరువులను చూచిన కంటికి ఈ దృశ్యము కొత్తగా ఉంటుంది. అందుచేతనే సెలవు దినములలో జనము అక్కడికి తరలి వెళ్తారు.

ఇటువంటి చోట పడవల రేవు, కాలిబాటలు, విశ్రాంతి గృహములు, మరుగుదొడ్లు ఎక్కడ కట్టవలెను? అందముగా కనిపించిన చోటనే కట్టవచ్చునని మనకు తోచవచ్చును. కాని ఈ చెరువు సేద్యము కొరకు ఏర్పడినది. విహారము దాని రెండవ పని మాత్రమే.

కదిలే ఒడ్డు

తూము తెరచినకొద్దీ నీరు పొలములకు పోతుంది; కొంత ఎండకు ఆవిరి అవుతుంది. వానకాలములో మత్తడి దూకిన చెరువు వేసవి నాటికి ఎంతో లోపలికి తగ్గుతుంది. కనుక జలాశయపు ఒడ్డు ఒక గీత కాదు. నిండు మట్టమునకు, కనిష్ఠ మట్టమునకు నడుమనున్న వెడల్పైన పట్టీ. ప్రణాళిక వేయువారు మొదట పటముపై గుర్తించవలసినది దీనినే.

ఒక చిన్న లెక్క చూడండి. ఒడ్డు ప్రతి 10 మీటర్లకు 1 మీటరు చొప్పున పల్లమైనదనుకొందాము. నీటిమట్టము 3 మీటర్లు తగ్గితే నీటి అంచు 30 మీటర్ల దూరము జరుగుతుంది. నిండు చెరువు అంచున కట్టిన రేవు అప్పుడు బురదలో నిలబడుతుంది. ఒడ్డు 2 మీటర్లకు 1 మీటరు చొప్పున పల్లమైనచో అంచు 6 మీటర్లే జరుగుతుంది. కాబట్టి పడవల రేవునకు నిటారు ఒడ్డే అనుకూలము. నీటితోపాటు లేచి దిగే తేలుడు రేవు ఇంకను మేలు. లక్నవరములో దీవులకు వేసిన వేలాడు వంతెనలకు కూడా ఇటువంటి సౌలభ్యమే ఉన్నది: నడకదారి నీటికి పైన తీగలపై వేలాడుతుంది గనుక మట్టము తగ్గినా నడకకు ఆటంకము లేదు.

లోతు, ప్రమాదము

అయితే రేవునకు మంచిదైన నిటారు ఒడ్డు స్నానమునకు ప్రమాదకరము. పై లెక్క ప్రకారమే అక్కడ 4 మీటర్లు లోపలికి నడిస్తే లోతు 2 మీటర్లు, మనిషి మునిగిపోతాడు. అందుచేత రేవును, పిల్లలు నీటిలో దిగే చోటును ఎన్నడూ ఒకచోట ఉంచరాదు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల లాంచీ మునిగి అనేకులు మరణించారు. వారిలో వరంగల్లు ప్రాంతము వారును ఉన్నారు. పడవలో ఎందరు ఎక్కవచ్చునో, ఏ గాలిలో, ఏ ప్రవాహములో పడవను ఆపవలెనో ముందే నిర్ణయించుట, ప్రతివానికి తేలుడు కోటు తొడుగుట ప్రణాళికలో భాగమే.

నీటిని కాపాడుట

కొండవాలుపై మట్టి పొర పలుచన. దాని క్రింద రాయి. ఇంకుడు గుంతలో పోసిన మురుగు రాతి పగుళ్ళ గుండా చెరువును చేరగలదు. మురుగులోని నత్రజని, భాస్వరము నాచుకు ఎరువవుతాయి. పెరిగిన నాచు చచ్చి కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. కనుక మరుగుదొడ్లను నిండు మట్టమునకు దూరముగా, నీరు కారని తొట్లతో కట్టి, మురుగును బయటికి తరలించవలెను. కాలిబాటలను వాలు వెంట నిలువుగా దించక, కొండ చుట్టు అడ్డముగా తిప్పవలెను. నిలువు బాట మొదటి వానకే వాగై, ఒండ్రును చెరువులోనికి తెస్తుంది.

అమెరికాలో టెన్నెసీ లోయ సంస్థ 1936లో నోరిస్ ఆనకట్టను పూర్తిచేసి, ఒడ్డున ప్రజలకు మాదిరి ఉద్యానమును ఏర్పాటు చేసింది. అక్కడ కూడా వరదలకు చోటుంచుటకై చలికాలమునకు ముందే మట్టమును తగ్గిస్తారు. రైతుకు నీరు వదలినందున పడవ రేవు పాడైనదంటే, తప్పు రేవును కట్టినవారిదే గాని తూమును తెరచినవారిది కాదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును సొంత ఊరి చెరువుకడనే బోధించవచ్చును. నెలకొకసారి నీటి అంచున ఒక కట్టె పాతించండి. తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టముతో కట్టెల మధ్య ఎత్తు తేడాను, టేపుతో దూరమును కొలిపించండి. ఏడాది గడిచేసరికి మీ చెరువు ఒడ్డు ఎంత వెడల్పైనదో విద్యార్థులే చెప్పగలరు.