కిడ్నీ రాయి కోసం సీటీ తీస్తే అడ్రినల్ గడ్డ కనపడింది: రిపోర్ట్‌లో ముందు వెతకాల్సిన నంబర్

ఈ ఎపిసోడ్‌కి కారణం మా మావయ్య వాట్సాప్‌లో పంపిన ఒక పీడీఎఫ్. కిడ్నీలో రాయి ఉందని సీటీ తీయించుకున్నారు. రిపోర్ట్ చివర్లో ఒక లైను: ఎడమ అడ్రినల్‌లో 2.3 సెంటీమీటర్ల గడ్డ. అత్తయ్య గూగుల్ చేశారు, క్యాన్సర్ అని వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

అడ్రినల్ అంటే కిడ్నీ మీద టోపీలా కూర్చునే చిన్న గ్రంథి. కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు తయారుచేస్తుంది. వేరే దేనికో స్కాన్ తీస్తే ఇక్కడ గడ్డ బయటపడటం మామూలే. చాలావరకు అవి అడినోమాలు, అంటే క్యాన్సర్ కానివి. మరి కోసి చూడకుండా ఎలా తెలుస్తుంది?

సీటీ మనకి ఫొటోలా కనపడుతుంది కానీ, లోపలున్నవన్నీ నంబర్లే. నీళ్లకి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకి మైనస్ 100 దగ్గర్లో. ఈ లెక్క పేరు హౌన్స్‌ఫీల్డ్ యూనిట్, రిపోర్ట్‌లో హెచ్‌యూ అని ఉంటుంది. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టర్ కాదు, ఈఎంఐ అనే బ్రిటిష్ కంపెనీలో ఇంజనీర్. అయినా 1979లో వైద్యంలో నోబెల్ కొట్టాడు. మన బీటెక్ బ్యాచ్‌కి కాస్త గర్వంగా ఉంటుంది కదా!

చాలా అడినోమాల కణాల్లో కొవ్వు ఉంటుంది. హార్మోన్లకి ముడిసరుకు కొలెస్ట్రాలే మరి. కొవ్వు ఉంటే నంబర్ పడిపోతుంది. డై ఎక్కించకుండా తీసిన స్కాన్‌లో గడ్డ అంతా ఒకేలా ఉండి, విలువ 10 లేదా అంతకంటే తక్కువుంటే, అది క్యాన్సర్ కాదనే తీసుకుంటారు. దానికోసం మళ్లీ మళ్లీ స్కాన్లు అక్కర్లేదు.

రివర్స్‌లో మాత్రం చదవకండి. 10 దాటితే క్యాన్సర్ అని కాదు, కొవ్వు తక్కువున్న అడినోమాలు కూడా చాలానే ఉంటాయి. అప్పుడు డై ఎక్కించి, కాసేపటికి ఒకసారి, 15 నిమిషాలకి ఇంకోసారి తీసి, గడ్డ డైని ఎంత త్వరగా వదిలేస్తోందో లెక్కేస్తారు. అడినోమా త్వరగా వదిలేస్తుంది. కానీ ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ కూడా ఒక్కోసారి అలాగే చేసి మోసం చేస్తుంది. అది అడ్రినలిన్ లాంటి హార్మోన్లు వదిలే రకం. తెలియక సూది గుచ్చితే బీపీ ప్రాణం మీదకి వచ్చేంత పెరగొచ్చు. అందుకే నంబర్ 10 దాటితే, బయాప్సీ ఆలోచన కంటే ముందు మెటానెఫ్రిన్స్ టెస్ట్ చేయిస్తారు. సైజు 4 సెంటీమీటర్లు దాటి, నంబర్ కూడా ఎక్కువుంటే ఆపరేషన్ మాట వస్తుంది.

ఇప్పుడు మావయ్య సంగతి. రాయి కోసం సీటీ మామూలుగా డై లేకుండానే తీస్తారు. అంటే కావాల్సిన నంబర్ ఆ స్కాన్‌లోనే ఉంది! రిపోర్ట్‌లో రాయలేదు, అంతే. పైగా డైతో మళ్లీ తీయించమని సలహా. మేం సీడీ పట్టుకెళ్లి, "సార్, ఆ గడ్డ హెచ్‌యూ ఎంతో కొలిచి చెప్తారా?" అని అడిగాం. రెండు నిమిషాల పని. 4 వచ్చింది.

హార్మోన్ టెస్టులు మాత్రం తప్పలేదు. క్యాన్సర్ కాకపోయినా గడ్డ కార్టిసాల్ ఎక్కువ చేస్తుండొచ్చు, అది స్కాన్‌లో కనపడదు. రాత్రి డెక్సామెథసోన్ మాత్ర వేసుకుని పొద్దున్నే రక్తం ఇచ్చొచ్చారు. రిజల్ట్ రేపు వస్తుంది. అసలు రాయి ఇంకా అక్కడే ఉంది.