తెప్పపై చేపల వేట: తొలి పాఠం

మన నాందేడ్ జిల్లాకు సముద్రం లేదు, గోదావరి ఉన్నది. కోస్తాలో తెప్ప మీద, విదేశాలలో కయాక్ అనే సన్నని తెడ్డు పడవ మీద సముద్రపు వేటకు పోయేవారి జాగ్రత్తలే ధర్మాబాద్, బిలోలి తాలూకాల నదీతీర యువకులకూ అవసరం.

గాలం పట్టడానికి ముందు నీటిలో పడి లేవడం నేర్వాలి. ఈత వచ్చినవారు సైతం లైఫ్ జాకెట్ తొడిగి, నడుములోతు నీటిలో తెప్పను బోర్లవేసి, సరిచేసి, తిరిగి ఎక్కడం పదేపదే అభ్యసించాలి. ఛాతీని తెప్పపై అడ్డంగా ఆనించి, కాళ్లతో నీటిని తన్నుతూ ప్రాకి ఎక్కాలి. నిటారుగా లేవబోతే మళ్లీ తిరగబడుతుంది. కొత్తవారు నిలబడి వల విసరరాదు. వలత్రాడును చేతికి గాని కాలికి గాని చుట్టుకోరాదు. పెద్ద బొచ్చె పడిన సంబరంలో ఈ మాట గుర్తుండదు, చిక్కంతా అక్కడే!

కోస్తావారు గాలిని చూచి బయలుదేరుతారు. మనం గాలితోపాటు బాబ్లీ గేట్లనూ చూడాలి. 2013 ఫిబ్రవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అవి జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరిచి ఉండాలి. మార్చి 1న 0.6 టీఎంసీల నీరు దిగువకు వదలాలి. ఆ రోజుల్లో నిన్నటి నిలకడ నీరే నేడు మనిషిని ఈడ్చుకుపోగలదు. వరదలో తెప్ప దింపనే కూడదు.

తొలి వేటకు శీతాకాలపు ఉదయం, ఒడ్డు చేరువ, అనుభవమున్న బెస్త పెద్ద తోడు మేలు. తిరిగివచ్చే వేళ ఇంట చెప్పి వెళ్లాలి.