ప్రేమగల దేవుడు ఈ శ్రమను ఎందుకు రానిచ్చాడు?

ఏ విశ్వాసి ఇంట అకాల మరణము సంభవించినా, ఏ రైతు చేను కోతకు ముందు మునిగిపోయినా, మన సంఘాలలో ఒక ప్రశ్న తప్పక పుడుతుంది. "దేవుడు ప్రేమగలవాడు అంటారు గదా, మరి ఇంత కష్టము ఎందుకు రానిచ్చాడు?" కొందరు పైకి అడుగుతారు. ఎక్కువమంది అడగరు. అడిగితే విశ్వాసము లేనివారు అంటారేమోనని భయపడి, గుడిలో వెనుక వరుసలో కూర్చుని, ఆరాధన ముగియగానే ఎవరితోను మాట్లాడకుండ వెళ్లిపోతారు. ముఖ్యముగా వారి కొరకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదట ఒక సంగతి చెప్పాలి. ఈ ప్రశ్న అడగడము పాపము కాదు. కీర్తనల గ్రంథములో ఎంతకాలమని, ఎందుకని దేవునికి మొరపెట్టిన ప్రార్థనలు ఎన్నో ఉన్నాయి. హబక్కూకు ప్రవక్త అడిగాడు. యోబు అడిగాడు. సిలువ మీద మన ప్రభువే ఎందుకని తండ్రిని అడిగాడు. కన్నీటితో దేవుని ప్రశ్నించేవాడు దేవుని విడిచినవాడు కాడు, ఇంకా ఆయనతోనే మాట్లాడుతున్నవాడు.

ఎవరి పాపము?

కష్టము వచ్చిన ఇంటికి చాలాసార్లు ఓదార్పు కంటె ముందు అనుమానము వస్తుంది. "ఏదో దాచిన పాపము ఉండి ఉంటుంది" అంటారు ఒకరు. "దశమభాగము సరిగా ఇవ్వలేదు" అంటారు ఇంకొకరు. చేతబడి అనేవారు, పూర్వజన్మ కర్మ అనేవారు కూడ మన మధ్య లేకపోలేదు. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన తల్లికి ఈ మాటలు ఆ గొయ్యిని మరల తవ్వినట్లు ఉంటాయి.

ప్రభువు ఈ ఆలోచనను రెండుసార్లు తేటగా త్రోసివేశాడు. పుట్టు గ్రుడ్డివాని చూచి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వానిదీ కాదు, వాని తల్లిదండ్రులదీ కాదన్నాడు. సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయిన సంగతి ఎత్తి, వారు మిగిలినవారికంటె పాపులేమీ కారని చెప్పి, విన్నవారినే మారుమనస్సు పొందమన్నాడు. శ్రమను చూచి ఎదుటివాని పాపమును లెక్కకట్టే అధికారము ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

అయితే పాపమునకు, శ్రమకు సంబంధమే లేదా? ఉంది. తండ్రి త్రాగి కూలి డబ్బంతా తగలేస్తే పిల్లలు పస్తులుంటారు. కట్నము కోసము అత్తవారు ఆశపడితే కోడలు కాలిపోతుంది. ఇక్కడ పాపము ఒకరిది, బాధ మరొకరిది. ఆ కోడలిని పట్టుకొని నీ పాపమేమిటని అడగడము ఎంత అన్యాయము!

దేవుడు ఎందుకు ఆపలేదు?

కాడి కట్టిన ఎద్దు ములుకోలకు జడిసి నడుస్తుంది. దానిని ప్రేమ అనము. ఇల్లు విడిచి పోగల కొడుకు తండ్రి దగ్గర ఇష్టపడి నిలిస్తే అది ప్రేమ. దేవుడు మనలను ఎద్దులుగా కాక బిడ్డలుగా చేశాడు. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి ఆస్తిని పంచి ఇచ్చాడే గాని గుమ్మములో అడ్డము నిలువలేదు. ప్రేమించే స్వేచ్ఛ ఇచ్చినప్పుడు, ప్రేమను కాదనే స్వేచ్ఛ కూడ దానితోనే వచ్చింది. లోకములోని దుష్టత్వములో చాలా భాగము అక్కడే పుట్టింది.

కాని ఈ మాట తుఫానుకు చాలదు. 1977 నవంబరు 19, శనివారము, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. మరునాడు ఆరాధన దినము. తాటిచెట్ల ఎత్తున నీరు వచ్చిందని అక్కడి పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. ప్రార్థించేవారు, ప్రార్థించనివారు, పాలు త్రాగే బిడ్డలు అందరును ఆ నీటిలో పోయారు. ఇది ఏ మనిషి చేసిన పాపము?

అదే కృష్ణా తీరమునకు 1990 మే నెలలో మరల పెద్ద తుఫాను వచ్చింది. ఆ మధ్య కాలములో తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ముందుగా అందాయి, లక్షకు పైగా ప్రజలను ముందే తరలించారు. ఈసారి మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. గాలి బలములో రెండును పోల్చదగినవే. మన నిర్లక్ష్యము వలన కలిగిన చావులను దేవుని చిత్తమని చెప్పి చేతులు కడుగుకోకూడదని ఇది నేర్పుతుంది.

అయినా ఆ వెయ్యి లోపు ఇండ్లలో ప్రశ్న అలాగే ఉంది. అక్కడ మేము జవాబు కల్పించము. సృష్టి అంతా ప్రసవవేదనలో ఉన్నట్లు మూలుగుతున్నదని, ఇంకా విడుదల కొరకు కనిపెట్టుచున్నదని పౌలు రోమా సంఘమునకు వ్రాశాడు. యోబు విషయము చూడండి. పరలోకములో జరిగిన సంభాషణ మొదటి అధ్యాయాలు చదివిన మనకు తెలుసు గాని, యోబుకు చివరి వరకు ఎవరూ చెప్పలేదు. అతనికి కారణము దొరకలేదు, దేవుడు దొరికాడు. అన్నిటికీ కారణము చెప్పిన స్నేహితుల మీదనే దేవుడు కోపపడ్డాడు.

దూరముగా నిలువని దేవుడు

లాజరును లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా సమాధి దగ్గర ఆయన ఏడ్చాడు. మేలు జరుగబోతున్నది గనుక ఏడవనక్కరలేదని ఆయన మరియ మార్తలతో అనలేదు. తరువాత తానే అన్యాయపు తీర్పునకు, కొరడాకు, మేకులకు అప్పగించుకున్నాడు. మన దేవుడు గట్టున నిలిచి మునిగేవారికి ఉపదేశము చేసేవాడు కాడు, నీటిలోకి దిగినవాడు. మూడవ దినమున లేచిన తరువాత కూడ ఆ గాయములను తోమాకు చూపించాడు. చావునకు చివరి మాట లేదన్న మన నిరీక్షణ ఆ లేచిన దేహము మీద ఆధారపడి ఉంది.

కరువులో ఒక సంఘము

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చి లక్షలాది ప్రజలు చనిపోయారు. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ ఉండేవారు. సర్వే పని తెలిసిన ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని, కూలి ఇచ్చారు. తెలుగు బోధకులే మేస్త్రీలై పని చూచుకుంటూ, తీరిక వేళ కూలీలతో కూర్చుని సువార్త చెప్పారు. తిండి కోసము మతములో చేరారన్న మాట రాకూడదని, కరువు కాలములో క్లౌ బాప్తిస్మములు నిలిపివేశారు. కరువు సహాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఈ సంఖ్య కొరకే దేవుడు కరువు పంపాడని మేము చెప్పము. అలా చెబితే దారి ప్రక్కన చనిపోయినవారిని అవమానించినట్లే. కరువు ఎందుకు వచ్చిందని వాదించుట కంటె ముందు ఆ సంఘము పార పట్టుకున్నది. మనము గుర్తుంచుకోవలసినది అదే.

కాబట్టి ప్రియ పాఠకులారా, ఈసారి మీ ఊరిలో దుఃఖములో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు కారణాలు చెప్పకండి. యోబు స్నేహితులు చేసిన ఒకే మంచి పని, ఏడు దినములు మాట్లాడక అతని ప్రక్కన కూర్చొనడము. మీరును కూర్చొనండి. అన్నము వండి తీసుకొని వెళ్లండి. వారి గేదెకు మేత వేయండి. అప్పు పత్రము పట్టుకొని కుమిలిపోయే రైతును ఒంటరిగా విడువకండి. దినకర్మలైన తరువాత, చుట్టాలందరు వెళ్లిపోయిన నెలలో మరల ఒకసారి తలుపు తట్టండి.

ఇక ఈ మాటలను కన్నీటితో చదువుచున్నవారితో ఒక్క మనవి. ప్రార్థన చేయలేకపోతే, చేయలేకపోతున్నానని ఆయనతోనే చెప్పండి. ఆత్మ మన మూలుగులతో కలిసి విజ్ఞాపన చేస్తున్నాడు. గుడిలో వెనుక వరుసలోనైనా సరే, వచ్చి కూర్చొనండి. మీ ప్రక్కన కూర్చునే మనసును ప్రభువు మా అందరికి దయచేయును గాక. ఆమేన్.