చేసినకొలఁది నేర్పు

బల్లచుట్టుఁ గూర్చుండి, కథలోని పాత్రలు తామే యై, పాచికలు వేయుచు నాడు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను నాట 1974వ సంవత్సరమున అమెరికాలో వెలువడెను. అందు శత్రువులను గెలిచి నిధులు గడించినకొలఁది పాత్రకు మెట్టు హెచ్చును; మెట్టుతోడనే బలమును బెరుగును.

1978లో స్టీవ్ పెరిన్ మొదలగువారు రచించిన రూన్‌క్వెస్ట్ అను నాట యీ మెట్లను దీసివేసెను. అందు ప్రతి విద్యకును నూటి కిన్ని పాళ్లని వేఱువేఱు లెక్క గలదు. కత్తి త్రిప్పినవానికిఁ గత్తిసామే వృద్ధి యగును గాని యీఁత వృద్ధి గాదు. ఆటలో నొక విద్య ఫలించినచో దాని యెదుట గుర్తు పెట్టి, పిమ్మటఁ బాచికలు వేసి చూతురు. 30 పాళ్ల నేర్పు గలవానికిఁ బెరుగు నవకాశ మించుమించు నూటికి 70. 90 పాళ్లు గలవానికి 10 మాత్రమే. క్రొత్తవాని పని ఫలించుట యరుదు. ఫలించెనా, యెదుగుదల త్వరితము. చేయని విద్య యున్నచోటనే యుండును.

ఇది యాటయే యైనను మన వంటయింటికి దగ్గఱి మాట. కూఁతురైనను గొడుకైనను బెనము కడకు రాఁగానే, 'నీకు రాదు, నేను వేసెద' నని యట్లకాడ లాగుకొందుము. పదిమార్లు చెప్పినను రాని పని, యొకమారు తానై చేసి నెగ్గిన వచ్చును. చేయనీయనిదే యా నెగ్గుట యెట్లు? తొలి యట్టు చినిఁగినను, అట్లకాడ బిడ్డ చేతనే యుండనిండు.