తెరపై ఒక తల్లి మరణము

1995వ సంవత్సరము మార్చి 9వ తేది, గురువారము రాత్రి, అమెరికాలో ఎన్.బి.సి. టెలివిజన్ సంస్థ ‘ఇ.ఆర్.’ అను ధారావాహిక నాటకములో ఒక భాగమును ప్రసారము చేసినది. ఇ.ఆర్. అనగా ఎమర్జెన్సీ రూమ్. మన పెద్ద ఆసుపత్రులలో క్యాజువాల్టీ అని పిలువబడు విభాగమే అది. ప్రమాదములలో గాయపడినవారు, గుండెపోటు వచ్చినవారు, వేళగాని వేళ నొప్పులు మొదలైన గర్భిణులు మొదట చేరునది అచ్చటికే. ముప్పది ఏండ్లు గడచిన తరువాత గూడ టెలివిజన్ నాటకములను గూర్చి వ్రాయువారు ఆ రాత్రి ప్రసారమైన భాగమును పేరెత్తి చెప్పుచునే యున్నారు. కల్పిత కథలో కల్పిత పాత్రకు కలిగిన మరణము చూపరులను ఇంతగా ఏల కలచివేసినది? నాటకములను ప్రసారము చేయుట మాకు నిత్యకృత్యము గనుక ఈ ప్రశ్న మాకు పరాయిది కాదు.

ముందుగా ఆ ధారావాహికను గూర్చి రెండు మాటలు. దానిని సృష్టించినవాడు మైకేల్ క్రైటన్. ఆయన ప్రసిద్ధ నవలాకారుడు; హార్వర్డులో వైద్యవిద్య నభ్యసించినవాడు. విద్యార్థిదశలో తాను ఆసుపత్రిలో చూచిన వానిని ఆధారముగ గొని 1974లో ఒక చిత్రకథను వ్రాసెను. అది ఇరువది ఏండ్లు మూలబడియుండి, 1994 సెప్టెంబరు 19న ధారావాహికగా తెరకెక్కినది. 2009 ఏప్రిల్ 2 వరకు 331 భాగములుగ సాగినది. కథాస్థలము షికాగో నగరములోని కౌంటీ జనరల్ అను కల్పిత ఆసుపత్రి. అందలి ప్రధానవైద్యులలో ఒకడు మార్క్ గ్రీన్. నెమ్మదస్థుడు, బుద్ధిమంతుడు, తోటివారందరికి పెద్దదిక్కు. ఆ పాత్రను ఆంథొనీ ఎడ్వర్డ్స్ ధరించెను.

ఆ రాత్రి కథ ఇది. నెలలు నిండిన ఒక స్త్రీ భర్తతో గూడ వచ్చును. మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుచున్నదని ఆమె ఫిర్యాదు. ఆలుమగలు సరదాగా పరిహాసములాడుకొనుచుందురు. చూచువారికి వారిపై వెంటనే అభిమానము కలుగును. గ్రీన్ పరీక్షించి, మూత్రాశయమునకు సోకిన సామాన్యమైన వ్యాధియని నిశ్చయించి, మందు వ్రాసియిచ్చి యింటికి పంపివేయును. ఆసుపత్రి ఆవరణ దాటకముందే ఆమెకు మూర్ఛ వచ్చును. అప్పటికి గాని అసలు వ్యాధి బయటపడదు. అది రక్తపు పోటు పెరుగుటవలన గర్భిణులకు వచ్చు మూర్ఛ. ప్రసూతివైద్యులకు కబురుపోవును; వారు వేరు పనులలో చిక్కుకొని సకాలమునకు రారు. కాన్పు మొదలగును, శిశువు తల వెలికివచ్చి భుజములు చిక్కుకొనిపోవును. చేయవలసిన ప్రయత్నములన్నియు చేసి, ఆ గదిలోనే కడుపుకోసి శిశువును తీయుదురు. బిడ్డ బ్రతుకును. తల్లికి రక్తస్రావము ఆగదు. గంటల తరబడి పోరాడియు గ్రీన్ ఆమెను కాపాడలేడు. చంటిబిడ్డను ఒడిలో నుంచుకొనియున్న ఆ భర్తకు ఈ వార్త చెప్పవలసినవాడు గూడ అతడే.

ఈ భాగమునకు పెట్టిన పేరు ‘లవ్స్ లేబర్ లాస్ట్’. షేక్స్పియర్ నాటకములలో ఒకదాని పేరు ఇంచుమించు ఇదియే. అది హాస్యనాటకము. ఇంగ్లీషులో ‘లేబర్’ అనగా శ్రమ, ప్రసవవేదన అను రెండర్థములు గలవు. ఆ శ్లేషను తెలుగులోనికి తెచ్చుట మాకు సాధ్యము కాలేదు. పురిటినొప్పులను మనవారు నొప్పులనియే అందురు గాని శ్రమ యనరు.

ప్రేక్షకుల సంగతికి వత్తము. తెరమీద మరణించుట క్రొత్త గాదు. ఆ ధారావాహికలోనే వారము వారము ఎవరో ఒకరు మరణించుచుండిరి. కాని సామాన్యముగ అట్టి కథలలో మరణించువాడు మనకు పేరైనను సరిగా తెలియని రోగి. లేదా ఏ తుపాకి దెబ్బయో తిని వచ్చినవాడు. చావునకు కారణము వైద్యుడు కాడు. ఈ కథలో మరణించినది ఏ జబ్బును లేని యువతి. పొరపాటు చేసినవాడు చేతగాని వైద్యుడు కాడు, దుర్మార్గుడు కాడు. చూపరులు తమ యింటి వైద్యునివలె నమ్ముకొన్నవాడు. కోపము తెచ్చుకొనుటకు దుష్టపాత్ర లేదు; క్షమించుటకా, మనసు ఒప్పదు. గర్భవతియగు కుమార్తెను ఇంట నుంచుకొని దీనిని చూచిన తల్లికి ఆ రాత్రి నిద్ర యెట్లు పట్టును?

రేడియోలో దీనికి పూర్వోదాహరణ మొకటి కలదు. 1955 సెప్టెంబరు 22న బి.బి.సి. రేడియోలో ‘ఆర్చర్స్’ అను గ్రామీణ ధారావాహికలో గ్రేస్ ఆర్చర్ అను యువతి, తగులబడుచున్న గుఱ్ఱపుశాలనుండి గుఱ్ఱమును రక్షింపబోయి గాయపడి, ఆసుపత్రికి కొనిపోవు దారిలోనే మరణించినది. ఆ రాత్రి బి.బి.సి. టెలిఫోనులకు తెరపి లేకపోయినది. దుఃఖమును తెలుపుచు ఉత్తరములు వచ్చినవి. పూవులు పంపినవారు గూడ కలరు. ఇంగ్లండులో వ్యాపార టెలివిజన్ ఆరంభమైనది సరిగా ఆ రాత్రియే యగుట కాకతాళీయమని నమ్మినవారు తక్కువ. కల్పితపాత్ర యని శ్రోతలకు తెలియదా? తెలియును. మా నాటకములలో ఒక పాత్ర కష్టములపాలైనపుడు ఆమెను ఒడ్డునకు చేర్చుడని మాకు వ్రాయు గృహిణులకును తెలియును. తెలిసియే దుఃఖింతురు. వారము వారము ఇంటిలోనికి వచ్చిపోవు గొంతుక చుట్టమువంటిది. చుట్టము పోయిన, కథయని ఊరకుండుట సాధ్యము కాదు.

వైద్యనాటకములకు వేరొక చిక్కుకలదు. అవి కథను చెప్పుటతో ఆగక, వైద్యమిట్లుండునని చూపరులకు తెలియకుండనే నేర్పుచుండును. అమెరికాలో 1996లో ఒక వైద్యపత్రికలో ప్రకటింపబడిన పరిశోధనయందు ముగ్గురు వైద్యులు ‘ఇ.ఆర్.’తో సహా మూడు కార్యక్రమములలోని 97 భాగములను చూచి, ఆగిన గుండెను ఆడించుటకు రొమ్ముపై ఒత్తుచు చేయు ప్రయత్నములెన్నియో, వానిలో ఫలించినవెన్నియో లెక్కించిరి. అరువది ప్రయత్నములు కానవచ్చినవి. నూటికి 75 మంది అప్పటికప్పుడు బ్రతికిరి. 67 మంది ఇల్లు చేరిరి. నిజమైన ఆసుపత్రులలో ఈ సంఖ్య దీని దరిదాపులకు గూడ రాదు. ప్రతిసారియు బ్రతికించువాడే వైద్యుడని ఇట్టి కథలు మనకు అలవాటు చేసినవి. ఆ అలవాటునకు తగిలిన దెబ్బయే ఆ మార్చి రాత్రి కలిగిన దుఃఖమని మా అభిప్రాయము. వైద్యము ఓడిపోవుటయు, వైద్యుడు పొరపడుటయు ఒకే గంటలో చూడవలసివచ్చినది.

నాటకమును వ్రాసిన లాన్స్ జెంటైల్ స్వయముగ అత్యవసర వైద్యుడు. దర్శకత్వము వహించినది మిమీ లెడర్ అను మహిళ. రచనకును దర్శకత్వమునకును ఎమ్మీ బహుమానములు లభించినవి. వైద్యులలో మాత్రము అభిప్రాయభేదములు తప్పలేదు. పెద్ద నగరపు ఆసుపత్రిలో ప్రసూతివైద్యులు అంతసేపు రాకపోవుదురా? క్యాజువాల్టీ వైద్యుడు తన చేతికి మించిన కాన్పును తానే నడిపించుటకు సాహసించునా? ఈ ఆక్షేపణలలో న్యాయమున్నది. అయినను నాటకములో అసలు తప్పు మొదటి పది నిముషములలోనే జరిగిపోయినదని మరువరాదు. తరువాతి హడావిడి అంతయు చూపరుల గుండెలు కొట్టుకొనుటకు. మొదటి పరీక్షలోని తొందరపాటు మాత్రము ఏ దేశములో నైనను జరుగదగినది.

ఇచ్చట ఆ వ్యాధిని గూర్చి కొంత చెప్పక తప్పదు. మన తెలుగునాట పెద్దవారు దీనిని గుఱ్ఱపువాతమనిరి. గర్భము ధరించిన ఇరువది వారముల తరువాత రక్తపు పోటు 140/90కి మించుటయు, దానితో మూత్రమున మాంసకృత్తు పోవుటయు దీని తొలిదశ. ప్రపంచమందు నూటికి ఇద్దరు మొదలుకొని ఎనమండుగురు గర్భిణుల వరకు ఇది కనిపించును. దీని మాయ యంతయు ఒక్క సంగతిలో నున్నది: తొలిదశలో గర్భిణికి ఏ బాధయు లేకపోవచ్చును. ఉన్న బాధలైనను గర్భిణులకు సహజమని త్రోసివేయదగినవే. కాళ్ళు పొంగును; నెలలు నిండుచున్నపుడు ఎవరికి పొంగవందురు. తలనొప్పి వచ్చును, నిద్రలేదందురు. కన్నులయెదుట మెరుపులు, మసక కనిపించును, నీరసమందురు. ప్రక్కటెముకల క్రింద, కడుపు పైభాగమున నొప్పి కలుగును. అజీర్తియని వాము తినిపింతురు. ముఖమును చేతులును హఠాత్తుగా ఉబ్బుట, తగ్గని తలనొప్పి, చూపు చెదరుట, ఈ పైకడుపు నొప్పి — వీనిలో ఏ ఒక్కటి కనిపించినను మరునాటివరకు ఆగక, రక్తపు పోటు చూపించుకొనవలెను. కాన్పు అయిన తరువాత గూడ కొన్నిదినములవరకు ఈ మూర్ఛ రావచ్చునని చాలమంది ఎరుగరు. బాలింతరాలికి తీవ్రమైన తలనొప్పి వచ్చిన, చలిగాలి తగిలినదని ఊరకుండరాదు.

ఆ నాటకము ప్రసారమైన మూడు నెలలకే, 1995 జూన్ మాసమున, ఈ మూర్ఛకు ఏ మందు మేలైనదను వివాదమును తీర్చిన పెద్ద పరిశోధన ఫలితము ‘లాన్సెట్’ అను వైద్యపత్రికలో ప్రకటింపబడినది. పలుదేశములలో 1,687 మంది స్త్రీలపై జరిగిన ఆ పరీక్షలో భారతదేశపు ఆసుపత్రులును పాల్గొన్నవి. గెలిచినది ఖరీదైన క్రొత్త మందు కాదు, మెగ్నీషియము సల్ఫేటు. అనగా మన ఇండ్లలో విరేచనమునకు వాడు భేదిఉప్పు జాతిదే. వైద్యులు సూదిమందుగా ఇయ్యవలసినదే గాని ఇంటిలో త్రాగించుటకు పనికిరాదని వేరుగ చెప్పనక్కరలేదు. 2002లో 33 దేశములలో పదివేల మందికి పైబడిన స్త్రీలపై జరిగిన మరియొక పరీక్షలో, తొలిదశలోనే ఈ మందు నిచ్చినచో మూర్ఛ వచ్చు అపాయము సగమునకు తగ్గునని తేలినది.

మరి నాటకము చూచినవారికి ఇట్టి విషయములు జ్ఞాపకముండునా? దీనిని గూర్చియు అమెరికాలో ఒక సంస్థ ‘ఇ.ఆర్.’ ప్రేక్షకులనే అడిగి తెలిసికొన్నది. ఒక భాగములో గర్భకోశపు ముఖద్వారమున రాచపుండునకు కారణమగు వైరసు ప్రస్తావన వచ్చినది. ప్రసారమునకు ముందు ఆ వైరసును సరిగా చెప్పగలిగినవారు నూటికి తొమ్మిదిమంది. చూచిన వెంటనే 28 మంది. ఆరు వారములు గడచునప్పటికి 16 మంది. సగము కరగిపోయినది. మేము దీనిని విచారకరముగ భావించుట లేదు. తొమ్మిది పదునారైనది. ఒక్క ప్రసంగముతో శ్రోతలు అంత జ్ఞాపకముంచుకొనిన మేము సంతోషింతుము. మరల మరల చెప్పుటయే మార్గము. ఆరోగ్య ప్రసంగములలో వెనుక చెప్పినదియే చెప్పుచున్నారని మమ్ము నిందించు శ్రోతలు ఈ అంకెలను చిత్తగింపవలెను.

ప్రభావము మంచి వైపునకే యుండునని నియమము లేదు. బి.బి.సి. వారి ‘క్యాజువాల్టీ’ అను ఇట్టి ధారావాహికలోనే 1996 నవంబరులో ఒక పాత్ర ప్రాణము తీసికొన ప్రయత్నించినట్లు చూపిరి. తరువాతి వారమున అట్టి ప్రయత్నములతో ఆసుపత్రులకు వచ్చినవారి సంఖ్య నూటికి 17 వంతున పెరిగినదని పరిశోధకులు 1999లో ప్రకటించిరి. అప్పటినుండి అట్టి ఘట్టములను ఎట్లు చూపవలెను, ఏమేమి చూపరాదు అను విషయమున ప్రసారసంస్థలు జాగరూకత వహింపవలసివచ్చినది. రచయిత స్వేచ్ఛకు ఇది ఆటంకమందురు. మేము జాగరూకత పక్షమే.

‘ఇ.ఆర్.’ రచయితలు ఒక మెచ్చదగిన పని చేసిరి. మరుసటి వారము అందరును నవ్వుచు క్రొత్త రోగులను చూచునట్లు కథను తిప్పలేదు. ఆ మరణముపై ఆసుపత్రి వైద్యులు సభచేరి విచారించుటయు, భర్త న్యాయస్థానమున దావా వేయుటయు, గ్రీన్ తన నిర్ణయములను తానే నమ్మలేకపోవుటయు తరువాతి భాగములలో చాలదూరము సాగినవి. అతనికి కఠినముగ శిక్షపడవలెనని కోరినవారికిగాని, అతనిని ఓదార్పవలెనని కోరినవారికిగాని రచయితలు తృప్తి కలిగింపలేదు. ఆ రాత్రి కడపటి దృశ్యములో అతడు ఇంటికి పోవు రైలులో ఒంటరిగా కూర్చుండి ఏడ్చుచుండును. అచ్చటనే నాటకము ఆగిపోవును.