తూటాల రీలోడింగ్

తూటాల రీలోడింగ్ అనగా ఒకసారి పేల్చిన తూటా యొక్క ఖాళీ ఇత్తడి గుల్లలో కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి, దానిని తిరిగి వాడుకునే విధంగా తయారు చేసుకోవడం. కర్మాగారంలో కాక చేతితో నింపిన తూటాను, దాని గుల్ల కొత్తదైనా పాతదైనా, హ్యాండ్‌లోడ్ అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో గురి పోటీలలో పాల్గొనేవారు, వేటగాళ్ళు దీనిని ఇంటివద్ద హాబీగా చేస్తారు. ఖర్చు తగ్గుతుందన్న ఆశతో మొదలుపెట్టేవారు ఎక్కువ. అయితే చవకగా వచ్చిన తూటాలను మరిన్ని కాల్చడం వలన చివరికి మిగిలేది ఏమీ ఉండదని వారే హాస్యమాడుతుంటారు. తన తుపాకికి సరిగ్గా నప్పే తూటాను తానే తయారు చేసుకుని గురి మెరుగుపరచుకోవడం రెండవ కారణం. అనుభవజ్ఞులకు ఇదే ముఖ్యం.

తూటాలోని భాగాలు

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: గుల్ల, దాని అడుగున ప్రైమరు, లోపల మందు, మూతివద్ద గుండు. గుండు ఎగిరిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమరు ఒక్కసారికే పనికివస్తుంది. మిగిలేది గుల్ల ఒక్కటే, తయారీలో ఎక్కువ ఖర్చయ్యేది కూడా అదే. తూటా పేలినప్పుడు ఇత్తడి గుల్ల వ్యాకోచించి తుపాకి గది గోడలకు అతుక్కుంటుంది. అందువలన వేడి వాయువులు వెనుకకు రావు. పీడనం తగ్గగానే గుల్ల కొద్దిగా ముడుచుకుని సులభంగా బయటికి వస్తుంది. ఇత్తడికి ఈ గుణం ఉండటం వల్లనే రీలోడింగ్ సాధ్యమయింది.

ప్రైమర్లు రెండు రకాలు. అమెరికా సైనికాధికారి హైరమ్ బెర్డన్, ఇంగ్లండు సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్ 1860లలో వీటిని వేరువేరుగా రూపొందించారు. విచిత్రమేమంటే అమెరికా వాని ప్రైమరు ఐరోపాలోను, ఇంగ్లీషు వాని ప్రైమరు అమెరికాలోను స్థిరపడ్డాయి. బాక్సర్ పద్ధతిలో గుల్ల అడుగున నట్టనడుమ ఒకే రంధ్రం ఉంటుంది. పైనుండి సన్నని సూదిని దించితే వాడిన ప్రైమరు ఊడిపోతుంది. బెర్డన్ పద్ధతిలో రంధ్రాలు నడుమన ఉండవు కనుక ఈ పని కష్టం. ఈ హాబీ అమెరికాలో వేళ్ళూనుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. .22 రిమ్‌ఫైర్ తూటాలలో పేలుడు పదార్థం గుల్ల అంచులోనే ఉంటుంది, కొట్టినచోట అంచు నొక్కుకుపోతుంది. కనుక వాటిని తిరిగి నింపరు.

చరిత్ర

మూతినుండి మందు కూరే తుపాకుల కాలంలో ప్రతివాడూ తన మందును తానే కొలుచుకుని, సీసం కరిగించి గుండ్లు తానే పోసుకునేవాడు. ఇత్తడి తూటాలు వచ్చిన తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. 1870లలో అమెరికా మైదానాలలో అడవిదున్నలను వేటాడినవారు ఖాళీ గుల్లలను ఏరుకుని తిరిగి నింపుకునేవారు. 1884లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ కంపెనీ ఇందుకు చేతి పరికరాలను అమ్మింది. తరువాత అది లైమన్ సంస్థలో కలిసింది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వద్ద మిగిలిన మందును బ్రూస్ హాడ్జ్‌డన్ కొని వేటగాళ్ళకు చవకగా అమ్మాడు. కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ ఆర్సీబీఎస్ సంస్థను, నెబ్రాస్కాలో జాయిస్ హార్నడీ గుండ్ల కర్మాగారాన్ని నెలకొల్పారు. 1950లలో రిచర్డ్ లీ తయారుచేసిన లీ లోడర్‌కు బల్లకు బిగించే యంత్రం అవసరం లేదు, చిన్న సుత్తి చాలు. ఈ హాబీ నుండి కొత్త తూటాలు కూడా పుట్టాయి. 1955నాటి .44 మాగ్నమ్‌కు ఎల్మర్ కీత్ అనే పశుపాలకుడు ఇంట్లో నింపుకుని ఏళ్ళ తరబడి పరీక్షించిన తూటాలే మూలం.

నల్లమందు, పొగలేని మందు

ఈ హాబీలోని అసలు ప్రమాదాన్ని అర్థం చేసుకోవాలంటే మందు ఎలా మారిందో తెలియాలి. పాతకాలపు నల్లమందుతో గుల్లను దాదాపు నిండుగా నింపేవారు. రెండోసారి పోస్తే ఒలికిపోయేది. అంటే పొరపాటును గుల్లే పట్టి ఇచ్చేది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగలేని మందును కనిపెట్టిన తరువాత ఈ రక్షణ పోయింది. దీని శక్తి చాలా ఎక్కువ కనుక పిస్తోలు గుల్లలో సగం కూడా నిండని కొలత సరిపోతుంది. ఎవరో పిలిచారనో, ఫోను మోగిందనో లేచివెళ్ళి తిరిగివచ్చి అదే గుల్లలో రెండవసారి పోస్తే, రెండు కొలతలూ అందులో ఇమిడిపోతాయి. పైన గుండు బిగించాక ఆ తూటాకూ పక్కదానికీ కంటికి తేడా తెలియదు.

అమెరికాలో 1926లో ఏర్పడిన సామీ అనే తయారీదారుల సంస్థ ప్రతి తూటాకూ గరిష్ఠ పీడనాన్ని నిర్ణయిస్తుంది. 9 మి.మీ. లూగర్‌కు ఇది చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .30-06 రైఫిలు తూటాకు 60,000 పౌండ్లు. రెండింతలు మందు పడితే ఈ హద్దులు దాటి తుపాకి చేతిలోనే పగలవచ్చు.

పొరపాటు రెండవ వైపు కూడా జరుగుతుంది. మందు పోయడం మరచిపోతే, ప్రైమరు శక్తితోనే గుండు కదిలి తుపాకి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. చప్పుడు సన్నగా వస్తుంది. అది గమనించక మరొకటి పేల్చితే గొట్టం పగులుతుంది. అందుచేత మందు పోసిన గుల్లలను వరుసగా పలకలో నిలిపి, గుండ్లు అమర్చేముందు దీపం వెలుగులో ప్రతిదాని లోపలికి చూడటం ఈ హాబీలో తప్పనిసరి నియమం.

పని జరిగే తీరు

కొత్తవారికి ఒకసారికి ఒకే పని చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్సు మంచిది. మీట లాగిన ప్రతిసారీ ఒక తూటా పూర్తిచేసే ప్రోగ్రెసివ్ ప్రెస్సులు వేగవంతమైనవే కాని, వాటిలో ఏకకాలంలో నాలుగైదు పనులు జరుగుతాయి కనుక తప్పు ఎక్కడ జరిగిందో కొత్తవారికి తెలియదు.

ముందుగా గుల్లలను అక్రోటు చిప్పల పొడితోనో మొక్కజొన్న కండెల పొడితోనో తిరిగే డబ్బాలో వేసి శుభ్రపరుస్తారు. మూతివద్ద చీలినవాటిని, అడుగుకు కొంచెం పైన మెరిసే వలయం కనబడేవాటిని పారవేస్తారు. ఆ వలయం లోహం పలుచబడి తెగబోతున్నదనడానికి గుర్తు. డై అనే ఉక్కు అచ్చులోకి గుల్లను నొక్కితే వ్యాకోచించినది పూర్వపు కొలతకు వస్తుంది, పాత ప్రైమరు ఊడుతుంది. రైఫిలు గుల్లలు సాగుతాయి కనుక అవసరమైతే పొడవు కత్తిరించాలి. పిమ్మట కొత్త ప్రైమరు, తూచిన మందు, గుండు.

మందును గ్రెయిన్లలో తూస్తారు. ఇది ఒకప్పుడు బార్లీ గింజ బరువు. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. మన కంసాలుల గురిగింజ ఎత్తు ఇంచుమించు రెండు గ్రెయిన్లు. తూకం గ్రెయినులో పదవ వంతు వరకు చూపాలి. ఎంత మందు అన్నది మందు తయారీదారులు ప్రచురించే పుస్తకాలనుండే తీసుకోవాలి, అందులోని ప్రారంభ కొలతతోనే మొదలుపెట్టాలి. ఊహించడం, ఒక మందు కొలతను మరొక మందుకు వాడటం, స్నేహితుడు చెప్పినది నమ్మడం పనికిరావు. చూడటానికి ఒకేలా ఉండే రెండు మందులు కాలే వేగం పూర్తిగా వేరుగా ఉండవచ్చు. కనుక బల్లపై ఒకేసారి ఒక్క మందు డబ్బానే ఉంచుతారు.

నిల్వ, ఆరోగ్యం

పొగలేని మందు బయట అంటుకుంటే వేగంగా మండుతుంది. గట్టి పాత్రలో బంధిస్తే ప్రేలుతుంది. కనుక దానిని కంపెనీ ఇచ్చిన డబ్బాలోనే ఉంచాలి. ప్రైమర్లు అంతకంటే ప్రమాదకరం. అనేకం ఒకచోట పోసి గాజుసీసాలో ఉంచితే ఒకటి పేలి అన్నీ పేలవచ్చు. ప్రైమర్లలోను, గుండ్లలోను సీసం ఉంటుంది. గుల్లలు శుభ్రపరచిన పొడి దుమ్ములో కూడా ఇది చేరుతుంది. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినరాదు, వంటగదిలో ఈ పని చేయరాదు.

చట్టం

అమెరికాలో సొంతానికి తూటాలు నింపుకోవడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కరలేదు, అమ్మకానికి చేస్తే కావాలి. భారతదేశంలో పరిస్థితి వేరు. 1959 ఆయుధాల చట్టం 5వ విభాగం ప్రకారం లైసెన్సు లేనిదే తూటాలు తయారు చేయరాదు. ఉల్లంఘనకు జైలుశిక్ష ఉంది, 2019 సవరణలో దానిని పెంచారు. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు నింపే హక్కు రాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం గెలిచినది మందే అవసరంలేని ఎయిర్ రైఫిలుతో. ఒలింపిక్సులో ఎయిర్ రైఫిలు, ఎయిర్ పిస్తోలు కాక మిగిలిన రైఫిలు, పిస్తోలు పోటీలలో వాడేది తిరిగి నింపరాని .22 రిమ్‌ఫైర్ తూటా.